బొమ్మ బాగుపడింది, దాని కథకు డబ్బెవరిస్తారు?

కోల్‌కతా సెయింట్ జాన్స్ చర్చిలో ఒక 'లాస్ట్ సప్పర్' ఉంది. చిత్రకారుడు జొఫానీ 1787లో వేసిన చిత్రం. అందులోని యూదా ముఖం ఊళ్లో వేలంపాటలు వేసే టుల్లోదని అప్పట్లోనే చెప్పుకున్నారట. దగ్గరికెళ్లి చూడండి: మేకుకు తగిలించిన తల్వారు, భిస్తీ మోసే తోలు నీళ్లసంచి. జెరూసలేం విందులో కలకత్తా సామానన్నమాట! 2010లో గోథె ఇన్‌స్టిట్యూట్ సాయంతో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ ఈ బొమ్మను బాగుచేయించింది.

బొమ్మ మెరిసింది సరే, ఆ తల్వారు సంగతి చూడవచ్చినవాళ్లకు చెప్పేదెవరు? లేబుళ్లు, ఆడియో గైడు, బడిపిల్లల వర్క్‌షాపు, వీటన్నిటికీ విడిగా డబ్బు అడగాలి. ఆ అడగడమే ఒక ఉద్యోగం, పేరు గ్రాంట్ రైటింగ్. మనవాళ్లంతా క్యూరేటర్ కుర్చీ వైపే చూస్తారు. ఆ కుర్చీలు ఎన్నో లేవు.

డబ్బున్న చోట్లు తెలిసుండాలి. 2013 కంపెనీల చట్టం కిందికొచ్చే పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) పనులకు ఖర్చుపెట్టాలి, ఆ జాబితాలో కళా వారసత్వమూ ఉంది. 1996లో పెట్టిన నేషనల్ కల్చర్ ఫండ్ మరో దారి. విదేశీ విరాళమైతే వాటిని నియంత్రించే ఎఫ్‌సీఆర్ఏ చట్టం నిబంధనలు చదవకుండా అడుగు వేయొద్దు. అలాంటి సాయం దొరకదని కాదు: కోల్‌కతా విక్టోరియా మెమోరియల్‌లోని యూరోపియన్ చిత్రాల కోసం బ్రిటన్‌లో కలకత్తా టెర్సెంటినరీ ట్రస్ట్ అనే సంస్థే పుట్టింది.

ఇక దరఖాస్తు. 'యూరోపియన్ కళను ప్రజలకు చేరువ చేస్తాం' అని మొదలుపెడితే రెండో పేజీ ఎవరూ తిప్పరు. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషులో ఆడియో అనీ, వారానికి రెండు బడులనీ, రికార్డింగుకు ఇంత, అనువాదానికి ఇంత అనీ రాయండి. హెడ్‌ఫోన్లు పాడైతే రెండో ఏడాది ఎవరు కొంటారు? నూటికి తొంభై మంది మరిచిపోయే లెక్క అదేనని నా అనుమానం.

చదువు సంగతి: కలకత్తా యూనివర్సిటీలో మ్యూజియాలజీ పీజీ ఉంది. ఏ డిగ్రీ చేసినవాళ్లయినా బడ్జెట్ వేయడం, సూటిగా రాయడం నేర్చుకోక తప్పదు. కోల్‌కతాలో పని చేయాలంటే కాస్త బెంగాలీ కూడా.

హైదరాబాద్‌లో ఉంటే ఈ ఆదివారమే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా శిల్పం ముందు అరగంట నిలబడి, జనం పక్కవాళ్లను ఏమడుగుతున్నారో నోట్‌బుక్కులో రాసుకోండి. మీ మొదటి దరఖాస్తుకు మొదటి పేరా అక్కడే దొరుకుతుంది.