విప్పడం సులువు, కొలవడం కష్టం

మా ఇంట్లో 1978 మోడల్ పెట్రోల్ అంబాసిడర్ ఒకటుంది. 1990లో సెకండ్ హాండుగా కొని, నాన్నగారు దాన్ని పాతికేళ్లు తెనాలి, విజయవాడల మధ్య కిరాయికి తిప్పారు. అక్క పెళ్లీ, నా స్కూలు ఫీజులూ దాని మీదే నడిచాయి. 2022 చివర్లో ఆ బండి నీలం పొగ కొడుతూ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. “బోరుకొచ్చిందిరా” అన్నారు నాన్నగారు. పాత ఇనుముకి ఇచ్చేయమని ఎవరో సలహా చెప్పిన రోజు ఆయన అన్నం తినలేదు. మెకానికల్ చదువుతున్నవాణ్ణి కదా, నేను బాగు చేయిస్తానని మాటిచ్చాను.

ఆటోనగర్ మేస్త్రీ గారి అంచనా 30 వేలు, 15 రోజులు. చివరికి అయింది 48,500 రూపాయలు, ఐదు నెలలు. అందులో చేతులకు మసి అంటిన రోజులు పదకొండే! మిగతాదంతా ఎక్కడికి పోయిందో మన మెకానికల్ మిత్రులకు చెబుదామని ఈ వ్యాసం.

అంబాసిడర్ ఇంజన్ మూలం బ్రిటన్‌కు చెందిన బి.ఎం.సి. వారి ‘బి’ సీరీస్. నాలుగు సిలిండర్లు, బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ., మొత్తం 1489 సి.సి. ఈ సిలిండరు గొట్టం అంతటా ఒకేలా అరగదు. పేలుడు వేడీ, ఒత్తిడీ ఎక్కువగా ఉండి నూనె సరిగ్గా అందని పైభాగంలో, అందులోనూ పిస్టన్ ఒరుసుకునే పక్కన ఎక్కువ అరుగుతుంది. అనగా గుండ్రంగా ఉండవలసింది కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. దాన్ని మళ్లీ గుండ్రంగా కోసి, పెద్ద పిస్టన్లు వెయ్యడమే రీబోరింగ్. ఆ పిస్టన్లు 10, 20, 30, 40 సైజుల్లో దొరుకుతాయి. 20 సైజు అంటే అసలు వ్యాసం కన్నా అంగుళంలో 20 వెయ్యోవంతులు పెద్దదన్నమాట.

నేను చేసిన ఘనకార్యం ఇక్కడే. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, సరుకు మళ్లీ దొరకదేమోనన్న కంగారులో హెడ్ విప్పకముందే 6,500 పెట్టి 20 సైజు పిస్టన్లు కొనేశాను. తరవాత హెడ్ దించి, పిస్టన్ తల మీది మసి గోకితే, దాని మీద ‘20’ అని అచ్చు కొట్టి ఉంది! మా కన్నా ముందు యజమానెవరో అప్పటికే ఒకసారి బోరు చేయించాడు. మేస్త్రీ గారు నవ్వలేదు గాని, నవ్వినా బాగుండేది.

సరే, 30 సైజు చాలదా అన్నాను. లేత్ షాపాయన బోర్ గేజి పెట్టి పైన, మధ్యన, కింద, అడ్డంగా, నిలువుగా కొలిచాడు. అరుగుదల 9 వెయ్యోవంతులు. 30 సైజుకి తొలిగేది 10 కాబట్టి సరిపోతుందని నా లెక్క. “లెక్క కరక్టే బాబూ, కానీ అరిగింది రెండు పక్కలా సమానంగా కాదుగా” అన్నాడాయన. తొమ్మిదిలో ఆరు ఒకే గోడవైపు ఉన్నాయి. పాత ఇరుసు తప్పకుండా బోరు చేస్తే ఒక్కో వైపు తొలిగేది ఐదే. ఆ గోడ మీద గుంట అలాగే మిగిలిపోతుంది. ఇది ఏ పరీక్షలోనూ నన్ను అడగలేదు.

కనుక 40 సైజే దిక్కయింది. లెక్క వేస్తే ఇంజన్ 1531 సి.సి. అయింది. మళ్లీ అరిగితే ఇక బోరు కుదరదు, స్లీవులే కొట్టించాలని చెప్పాడు.

కొత్త సెట్టు 8,000. అది దొరికేసరికి రెండు నెలలు పోయాయి. క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్ ఒక పూటలో అయింది గాని, దాని సైజు బేరింగుల కోసం ఆరు వారాలు కూర్చున్నాం. నాలుగు సిలిండర్ల బోరింగు, హోనింగు కలిపి 3,600 మాత్రమే. మేస్త్రీ గారి కూలి 12,000, ఆయన పనితనానికి అది తక్కువేనని నా అభిప్రాయం. వాల్వులు, గాస్కెట్లు, ఆయిల్ పంపు వగైరాలు మిగతాది మింగేశాయి. ఈ ఐదు నెలలూ నాన్నగారు రోజూ సాయంత్రం ఒకే ప్రశ్న: “ఇవాళేమన్నారు?”

2023 మే నెలలో ఇంజన్ స్టార్టయింది. కొత్త రింగులు గోడలకు ఒదిగేదాకా తొందర పనికిరాదు, మొదటి 800 కిలోమీటర్లు నెమ్మదిగా పోవాలన్నారు మేస్త్రీ గారు. నాన్నగారు తెనాలి దాకా యాభై దాటకుండా నడిపారు. వెనకాల లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.