బ్రాకెట్‌ని చివర అతికించకండి, చోటు పట్టుకోండి

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం... ఈ బెల్ట్‌లో ఏ యూనిట్ డిజైన్ సెక్షన్‌లో ఉన్నా మీ చేతిలో ఆటోక్యాడ్ ఉంటుంది. అందులో 1986 నుంచీ ఆటోలిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది. ఫ్లాంజ్ హోల్స్, నాజిల్ టేబుల్స్ లాంటి రోజూ చేతితో గీసే పనిని ఒక్క కమాండ్‌లోకి తెచ్చేస్తుంది. 2024 వెర్షన్ నుంచి ఆటోక్యాడ్ ఎల్‌టీలోనూ నడుస్తోంది.

కోడింగ్ మనది కాదనుకోకండి. ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ చేసిన మీకు ఇది కచ్చితంగా వస్తుంది. మొదట్లో సతాయించేది బ్రాకెట్లే.

ఫైల్ లోడ్ కాకపోతే ముందు ఎర్రర్ మెసేజ్ చదవండి. మొత్తం చదవండి.

"మాల్‌ఫార్మ్‌డ్ లిస్ట్" అంటే మూసే బ్రాకెట్ తక్కువ. "ఎక్స్‌ట్రా రైట్ పేరెన్" అంటే ఎక్కువ.

ఇక్కడే తొందరపాటు మొదలవుతుంది. ఫైల్ చివరికెళ్లి ఒక బ్రాకెట్ కొట్టేస్తారు. ఎర్రర్ పోతుంది, ఫైల్ లోడ్ అవుతుంది. తీరా రెండో కమాండ్ కొడితే "అన్‌నోన్ కమాండ్"! ఎందుకు? మొదటి డీఫన్ (కమాండ్‌ని నిర్వచించే ఫంక్షన్) మూతపడలేదు. రెండో డీఫన్ దాని కడుపులోకి పోయింది. మొదటి కమాండ్ నడిస్తే గానీ రెండోది పుట్టదు. లెక్క సరిపోయింది, చోటు తప్పింది. ఎర్రర్ కనబడే తప్పు కన్నా ఇది ప్రమాదం. మొదటి కమాండ్ ముందుగా నడిపిన రోజు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది మరి!

కాబట్టి పై నుంచి రండి.

1. విజువల్ లిస్ప్ ఎడిటర్‌లో మొదటి డీఫన్ బ్రాకెట్ ముందు కర్సర్ పెట్టండి. కంట్రోల్ పట్టుకుని ] నొక్కండి. కర్సర్ దాని జత దగ్గరికి దూకుతుంది.

2. ఆ ఫంక్షన్ చివర ఆగిందా? తర్వాతి డీఫన్‌కి వెళ్లండి. జత దొరకలేదా, పక్క ఫంక్షన్‌లోకి పోయిందా? దొంగ ఈ ఫంక్షన్‌లోనే ఉన్నాడు. లోపలి ఇఫ్, వైల్, సెట్‌క్యూ ఒక్కొక్కటీ ఇలాగే చూడండి.

3. కోడ్ సగం నుంచి కింద దాకా మెజెంటా రంగులోకి మారిందా? బ్రాకెట్లు వదిలేయండి. కోట్ మార్క్ మూయడం మర్చిపోయారు.

ఎడిటర్‌తో ఫార్మాట్ చేయించేటప్పుడు "బ్రాకెట్ నేను చేర్చనా" అని అడిగితే నో చెప్పండి. మీ ఫంక్షన్ ఎక్కడ ముగియాలో దానికి తెలీదు. మీకు తెలుసు.

ఇక అలవాటు. తెరిచిన వెంటనే మూయండి. రెండు బ్రాకెట్లూ ముందే కొట్టి, మధ్యలోకి వెళ్లి రాయండి. ఒక్కో ఫంక్షన్ పూర్తవగానే లోడ్ చేయండి. రెండొందల లైన్లు రాసి ఒకేసారి లోడ్ చేయడం ధైర్యం కాదు, రేపటి షిఫ్ట్‌ని పణంగా పెట్టడం.

ఈరోజే మీ పాత ఫైల్ ఒకటి తీయండి. ఆటోక్యాడ్ మూసి మళ్లీ తెరవండి. ఫైల్ లోడ్ చేసి, చివరి కమాండ్‌ని ముందుగా నడపండి.