అక్కడ నన్నెవరూ తొందరపెట్టరమ్మా

సమస్య: మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. అమ్మ పోయాక నాన్నగారు ఒంటరివారైపోయారని ఆరు నెలలకి మా దగ్గరికి తెచ్చుకున్నాం. వయసు 71. తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్. కుడిచెయ్యి వణుకుతుంది, అడుగులు చిన్నవైపోయాయి. పొద్దున్నే మా ఆయనకి మీటింగులు, పిల్లలకి స్కూలు. నాన్న చొక్కా బొత్తాలు పెట్టుకోవాలంటే పావుగంట పడుతుంది కనక నేనే పెట్టేస్తాను. ఇడ్లీ కూడా నేనే తినిపిస్తాను. ఏ లోటూ చెయ్యడం లేదు.

వాకింగ్ అని చెప్పి ఆయన పార్కులో చైనా పెద్దవాళ్లు చేసే తాయ్ చీకి వెళ్తున్నారని మొన్న తెలిసింది. భాష రాదు, చివరి వరసలో నిలబడి వాళ్లని చూస్తూ చేస్తున్నారు. పడితే? ఉన్నది విజిటర్ ఇన్సూరెన్స్. హైదరాబాదు నుంచి అన్నయ్య "ఆ చేతులు తిప్పితే రోగం పోతుందా?" అని ఫోన్లో కేకలేశాడు. మానెయ్యమంటే నాన్న ఒక్కటే మాటన్నారు: "అక్కడ నన్నెవరూ తొందరపెట్టరమ్మా." అప్పట్నుంచి సరిగా మాట్లాడటం లేదు. ఆపించనా, వద్దా?
— ఒక కూతురు, ఫ్రీమాంట్

సలహా: అమ్మాయీ, ఆ ఒక్క మాట కోసమే నీకు జవాబు రాస్తున్నాను. ఆపించకు.

రోగం పోదు, మీ అన్నయ్య చెప్పింది నిజమే. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల వచ్చే జబ్బిది, ఏ వ్యాయామమూ వాటిని తిరిగి తెచ్చివ్వదు. అయినా తాయ్ చీని ఊరికే తీసిపారెయ్యొద్దను. ఆరెగాన్‌లో ఫూజోంగ్ లీ బృందం 195 మంది పార్కిన్సన్స్ రోగుల్ని మూడు జట్లు చేసింది. ఒక జట్టుకి తాయ్ చీ, ఒకదానికి బరువులతో వ్యాయామం, ఇంకోదానికి ఒళ్లు సాగదీసే కసరత్తు. వారానికి రెండుసార్లు, గంటసేపు, 24 వారాలు. 2012లో ఫలితాలు వచ్చాయి. ఒంటి నిలకడలో తాయ్ చీ జట్టే ముందుంది. సాగదీసే జట్టుతో పోలిస్తే వీళ్లు పడిపోవడం బాగా తగ్గింది. పడతారనేగా నీ భయం?

న్యూరాలజిస్టుకి ఒక మాట చెప్పు. మాత్ర బాగా పనిచేసే వేళ చూసి పంపు, మాత్ర మాత్రం మాన్పించకు. పక్కన బెంచీ ఉన్నచోట నిలబడమను. మొదట్లో ఎవరైనా తోడు వెళ్లండి. అంతకంటే చెప్పాల్సింది లేదు.

నాకు కోపం వచ్చింది బొత్తాల దగ్గర.

మా పెదనాన్నకీ ఇదే జబ్బు. గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకి అతుక్కుపోయేవి. ఒకసారి ముహూర్తం దాటిపోతోందని నేనే చెయ్యి పట్టుకు లాగాను. ఒళ్లు ముందుకొచ్చింది, కాళ్లు రాలేదు. నుదురు గడపకి కొట్టుకుంది. పసుపు రాసిన ఆ గడప మీద నెత్తురు నాకింకా కళ్లముందే ఉంది. అలాంటప్పుడు లాగకూడదట. ఆగనివ్వాలి. బరువు ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి మెల్లిగా మార్చుకోనిచ్చి, "ఒకటి, రెండు" అని లెక్కపెడితే చాలాసార్లు అడుగు పడుతుంది. పెదనాన్న పోయిన చాలా ఏళ్లకి ఒక ఫిజియోథెరపిస్టు చెబితే తెలిసింది నాకు.

మీ నాన్నగారు పార్కులో నేర్చుకుంటున్నది సరిగ్గా అదే. మబ్బుల్ని పక్కకి జరుపుతున్నట్టు చేతులు కదిలిస్తారు, మేఘహస్తాలంటారు వాటిని. నువ్వు చేతుల్ని కాకుండా కాళ్లని చూడు. ఈ బిందెలో నీళ్లు ఆ బిందెలోకి ఒంపినట్టు బరువంతా ఒక కాలి నుంచి రెండో కాలికి దిగుతుంది. ఖాళీ అయిన కాలే తేలిగ్గా లేస్తుంది. లెక్కల మాస్టారు కదా, ఆ కూడికా తీసివేతా ఆయన ఎప్పుడో పట్టేసి ఉంటారు.

అక్కడ అందరూ నెమ్మదిగానే కదులుతారు. ఎంత నెమ్మదిగా చేస్తే అంత బాగా చేసినట్టు. ఇంటికొస్తే అదే నెమ్మది ఆయన తప్పవుతోంది. మనిళ్లలో ప్రేమంటే చేసిపెట్టడం. చంటిపిల్లలకి చేస్తాం, సరే. పెద్దవాళ్ల చేతిలోంచి గ్లాసు లాక్కుని తాగిస్తాం. డాక్టరు వాళ్లని అడిగితే జవాబు మనం చెబుతాం. మాట వెతుక్కుంటుంటే మనమే పూర్తి చేసేస్తాం. నలభై ఏళ్లు ఊళ్లో పిల్లలందరికీ ఎక్కాలు నేర్పిన మనిషి పళ్లెం ముందు నోరు తెరిచి కూర్చోవాలి! నీకు మిగిలింది పావుగంట. పోయింది ఆయన చెయ్యి చెయ్యగలిగిన పని. ఈ జబ్బులో చెయ్యడం మానేసిన పని మళ్లీ చేతికి రావడం చాలా కష్టం తల్లీ.

రేపట్నుంచి మీ ఇంట్లో అలారం పావుగంట ముందుకి జరుపు. బొత్తాలు ఆయన్నే పెట్టుకోనివ్వు. ఎదురుగా కూర్చుని కాఫీ తాగు, గడియారం వంక చూడకు. శనివారం పిల్లల్ని తీసుకుని పార్కుకి వెళ్లు, చివరి వరసలో ఆయన పక్కన నిలబడు. ఆ అడుగెలా వెయ్యాలో మీకెవరికీ రాదు. ఆయన్నే నేర్పమను.