గోడమీది బొమ్మ, చేలోని పైరు

రోహిణి కార్తె సమీపించునప్పటికి నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు త్రోవలలోని గోడలు మాటలాడ మొదలిడును. గుమ్మడికాయంత పత్తికాయ, దాని ప్రక్కను నవ్వుచున్న రైతు, క్రింద ఒక విత్తనపు పేరు. ఆటోమీది మైకు అదే పేరును పాటగా వినిపించుచు పోవును. ఇప్పుడు ఆ బొమ్మ చేతిలోని ఫోనునకు కూడ వచ్చినది.

ప్రియులారా, ఈ మాసము మన పాఠము సంతకు సంబంధించినది. ప్రకటన అనునది మన మనస్సును ఏమి చేయుచున్నది? అది అబద్ధమా నిజమా అనునది చిన్న ప్రశ్న. అనేక ప్రకటనలలో పట్టి చూపదగిన అబద్ధము దొరకదు. బొమ్మ వేసినంత మాత్రాన అబద్ధమనగలమా? ప్రకటన చేయు పని వేరు. దేనిని చూచి మనము నిర్ణయించుకొనుచుంటిమో ఆ దృష్టిని అది మెల్లగా మరియొక చోటికి త్రిప్పును.

ఆదికాండము మూడవ అధ్యాయమును ఈ ఉద్దేశముతో మరల చదువుడి. తోటలో హవ్వకు కొదువ ఏమియు లేదు. సర్పము ఆమె చేతికి పండు అందించినట్లు అక్కడ వ్రాయబడలేదు. నీకు ఒకటి తక్కువైనదను తలంపును మాత్రము అది పుట్టించెను. తరువాతనే ఆ చెట్టు ఆమె కన్నులకు అంత రమ్యముగా కనబడెను. చెట్టు మారలేదు, చూపు మారెను.

అట్లని ప్రకటనలన్నియు సర్పముపని అని మనము చెప్పుట లేదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించిరి. సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టిరి. అదియు ప్రకటనయే. ఆ వ్యాపారపు ధనముతోనే 1908లో ఆంధ్రపత్రిక వెలువడెను. కాని ఆ ప్రకటనలో ఒక న్యాయమున్నది. నొసట రాచుకొన్నవాడు గంటలో తానే తీర్పు తీర్చుకొనును. తలనొప్పి తగ్గినదో లేదో తలకే తెలియును గదా!

పత్తి విత్తనము అట్టిది కాదు. దాని తీర్పు ఆరు మాసములకు గాని రాదు. అంతలో దుక్కికి, ఎరువునకు, మందునకు, కూలికి అప్పు చేసియుందుము. గుణము కంటికి కనబడక, ఫలితము ఆలస్యమగు వస్తువు విషయములోనే ప్రకటన మాటకు బలమెక్కువ. ఈ సంగతి మన నల్లరేగడి రైతునకు తెలిసినంతగా మరి ఎవరికి తెలియును?

మన పెద్దల కాలములో దేశవాళీ పత్తి గింజను ఇంటనే దాచుకొనెడివారు. ఇంటి గింజకు గోడమీద బొమ్మ అక్కరలేదు. 1970లో గుజరాతులో హెచ్-4, 1972లో ధార్వాడులో వరలక్ష్మి అను సంకర జాతులు వచ్చెను. దిగుబడి పెరిగిన మాట నిజమే. అయితే సంకర విత్తనము పంటనుండి తీసి మరల వేసిన అదే గుణమునీయదు, ఏటేట కొనవలసినదే. ఏటేట కొనవలసిన వస్తువునకు ఏటేట ప్రకటనయు రావలసినదే. మన గోడల కథ అక్కడ మొదలైనదని మనకు తోచుచున్నది.

తరువాత మందులు. 1980 దశాబ్దములో పైరిత్రాయిడు మందులు వచ్చినప్పుడు మొదట పురుగు రాలిపోయెను. చూచినవారందరు కొట్టిరి. ఒకసారి చాలునన్న చోట అనేకసార్లు కొట్టిరి. శనగపచ్చ పురుగు ఆ మందునకు అలవాటుపడెను, తెల్లదోమ విజృంభించెను. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి నాశనమై, రైతులు ప్రాణములు తీసికొనిన సంగతి మన గ్రామములలో ఇంకను జ్ఞాపకమున్నది. నేరమంతయు ప్రకటనదే అనుట న్యాయము కాదు. అప్పు, వాతావరణము, సలహా చెప్పువారు లేకపోవుట అన్నియు కూడినవి. అయినను డబ్బామీద చచ్చిన పురుగు బొమ్మ ఉండునే గాని మందునకు అలవాటుపడిన పురుగు బొమ్మ ఎన్నడు నుండదు.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చెను. 450 గ్రాముల పొట్లము వెల సుమారు 1,600 రూపాయలు. మహారాష్ట్రలో దాని ప్రచారమునకు సినిమా నటుడు నానా పాటేకరును తెచ్చిరి. ఆ విత్తనము కాయతొలుచు పురుగును అడ్డగించునట్టిది. రసము పీల్చు పురుగులను అది ఆపదు. ఈ రెండవ మాట ఎందరి చెవిని పడినది? మొదట అనుమతి పొందిన మెక్-12, మెక్-162, మెక్-184 అను మూడు రకములకును మన రాష్ట్రములో 2005లో కేంద్ర సంఘము అనుమతి కొనసాగింపలేదు. 2006లో రాష్ట్ర ప్రభుత్వము వెల విషయమై ఫిర్యాదు చేయగా పొట్లము 750 రూపాయలకు దిగెను. 2010లో గుజరాతులో గులాబి రంగు పురుగు మొదటి బోల్గార్డును తట్టుకొన్నదని కంపెనీయే ఒప్పుకొనెను.

వరంగల్ జిల్లా గ్రామములలో గ్లెన్ స్టోన్ అను అమెరికా పండితుడు అనేక సంవత్సరములు రైతుల విత్తనపు ఎంపికను పరిశీలించి 2007లో ప్రచురించెను. ఒక ఏడు ఒక ఊరంతయు ఒకే పేరు వెంట పరుగెత్తును. రెండేండ్లకు ఆ పేరే వినబడదు. ప్రక్క ఊరిలో వేరొక పేరు రాజ్యమేలును. ఎందుకు కొన్నారనగా, అందరు కొనుచున్నారని జవాబు. పరీక్షించి తెలిసికొను తీరిక లేకుండ పేర్లు మారుచుండుటచేత, సేద్యగాని సొంత నేర్పు తరిగిపోవుచున్నదని ఆయన వ్రాసెను. మన ఊరి పేరు వేసి చదువుకొన్నను సరిపోవును.

ఇంటిలోనికి వచ్చినప్పుడు ఈ పని ఇంకను సులభము. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ అను ముఖపు క్రీము, నల్లని చర్మము ఒక లోపమని మన ఆడపిల్లలకు చాలకాలము నేర్పెను. 2020లో పేరులోని తెలుపును తీసి గ్లో అండ్ లవ్లీ అనిరి. పెండ్లిచూపులలో ఆ పాఠము ఇంకను పోలేదు. డబ్బా పేరు మార్చుట సులభము గాని, తల్లుల నోట పడిన మాటను మార్చుట కష్టము.

సమస్తమును పరీక్షింపుడని పౌలు థెస్సలొనీకయ సంఘమునకు వ్రాసెను గదా. విత్తనపు కొట్టు ముందర పరీక్షించుట ఎట్లు? లాం ఫారములో తయారైన మిరప రకము ఎల్.సి.ఎ. 334ను చూడుడి. సినిమా నటుని అవసరము లేకయే అది గుంటూరు మిరప యార్డులో 334 అను అంకెతో పిలువబడునంతటిదాయెను. కావున డిసెంబరులో, పంట నిలిచియుండగా, పొరుగువాని చేలోనికి వెళ్లి చూడవలెను. ఎన్నిసార్లు మందు కొట్టెనో, ఎంత నీరు పెట్టెనో అడుగవలెను. క్రొత్త పేరైనచో పొలమంతయు పెట్టక అరయెకరములో వేయవలెను. పొట్లముమీద బొమ్మ వైపు కాదు, వెనుక చిన్న అక్షరముల వైపు చదువవలెను: మొలక శాతము, పరీక్ష తేదీ, లాటు నంబరు. ధ్రువీకరింపబడిన విత్తనమునకు నీలిరంగు చీటీ ఉండును. కొట్టువాడు అప్పుమీద ఇచ్చు విత్తనము అతనికి లాభమైనదా మనకు లాభమైనదా అని ఒక క్షణము ఆలోచించుట తప్పు కాదు.

మోసపోయినచో అడుగు హక్కున్నది. విత్తనము చెడిన రైతు కూడ వినియోగదారుడే అని 2012 జనవరిలో సుప్రీం కోర్టు మన రాష్ట్రపు రైతుల వ్యాజ్యెములోనే తీర్పు చెప్పెను. 2019 చట్టము ప్రకారము తప్పుత్రోవ పట్టించు ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చును. విత్తనమంతయు చల్లివేసిన రైతు పరీక్షకు నమూనా ఎక్కడనుండి తెచ్చునని ఆ 2012 తీర్పులో న్యాయమూర్తులు రైతు పక్షమున ఆలోచించిరి. అయినను విత్తునాడు గుప్పెడు గింజలను ఆ పొట్లములోనే ఉంచి, రసీదుతో కలిపి మూటగట్టి, ఎలుకకు అందని చోట దూలమునకు వ్రేలాడదీయుడి.