కలంకారీలో రంగు పుట్టే చోటు

శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులు సీత చీరను ఎర్రగా చూపాలనుకుంటే కలాన్ని ఎర్ర రంగులో ముంచరు. పటిక నీటిలో ముంచుతారు. చీర ఉండాల్సిన చోట ఆ నీటిని పూసి ఆరబెడతారు. అప్పటికి బట్ట మీద ఎరుపు జాడే ఉండదు. తర్వాత బట్టను ఉతికి, వేళ్ల రంగు మరుగుతున్న గంగాళంలో వేస్తే పటిక తాకిన మేరకే ఎరుపు గట్టిగా నిలుస్తుంది. మిగతా చోట్ల అంటిన మరకను పేడ నీళ్లు, ఎండ, ఉతుకులు కలిసి వదిలిస్తాయి.

ఉన్నత పాఠశాల చిత్రకళ పాఠాల్లో శైలి, పద్ధతి, రూపకల్పన సూత్రాలు వేర్వేరు అధ్యాయాలుగా కనిపిస్తాయి. కలంకారీ దగ్గర ఆ విభజన నిలవదు. బొమ్మ అలా ఎందుకు ఉందో తెలియాలంటే బట్టలో జరిగే రసాయన చర్యను చూడాలి.

నూలు దారం దాదాపు అంతా సెల్యులోజే. చాలా మొక్కల రంగులు దానికి నేరుగా అతుక్కోవు. పసుపు మరక ఎండకు ఎంత త్వరగా వెలిసిపోతుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. అందుకే ముందుగా గంజి పోయేలా ఉతికిన బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఎండబెడతారు. కరక్కాయలోని టానిన్లు నూలును పట్టుకుంటాయి. పాలలోని కొవ్వు వల్ల కలం నుంచి దిగిన ద్రవం అద్దుడు కాగితం మీద సిరాలా పాకిపోకుండా గీసిన చోటే ఆగుతుంది.

చింతపుల్ల బొగ్గుతో లేతగా రూపం వేసుకున్నాక అసలు గీత మొదలవుతుంది. దానికి వాడే కసిమిని తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తయారుచేస్తారు. పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల్లో ఇనుము కరుగుతుంది. ఆ ద్రవం బట్టలోని టానిన్లను తాకగానే నల్లబడుతుంది. ఈ గీతను చెరపడానికి వీల్లేదు. వెదురు పుల్లకు చుట్టిన ఉన్నిని వేళ్లతో ఎంత నొక్కితే అంత ద్రవం దిగుతుంది. కనుక కలంకారీ గీతలో కనిపించే ధైర్యం అలంకారం కోసం తెచ్చిపెట్టుకున్నది కాదు, తడబడితే దిద్దుకునే అవకాశం లేని చేతికి అలవడినది.

ఎరుపు కథ వేరు. చిరివేరులో, దాని బంధువైన మంజిష్ఠలో ఎర్రని రంగు పదార్థాలున్నాయి. చిరివేరులో ముఖ్యమైనది అలిజరిన్. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో నూలునూ అక్కడి టానిన్‌నూ, మరో చేత్తో ఈ రంగునూ పట్టుకుంటుంది. అందుకే పటికను రంగుబంధకం అంటారు. అదే వేరు రంగు ఇనుముతో కలిస్తే ఊదా లేదా ముదురు గోధుమ రంగు వస్తుంది. ఒకే గంగాళంలోంచి రెండు మూడు రంగులతో బట్ట బయటికి రావడం 18వ శతాబ్దపు ఐరోపా వాళ్లకు ఎంతో ఆసక్తి కలిగించింది. గాస్టన్ కూర్దూ అనే ఫ్రెంచి మతగురువు 1742లో కోరమాండల్ తీరం నుంచి ఈ పద్ధతిని వివరిస్తూ స్వదేశానికి ఉత్తరం రాశాడు. (తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన కూర్దూ ఈయనే.) 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక వేళ్ల సాగు చాలా చోట్ల అంతరించింది.

ఇప్పుడు బొమ్మను మళ్లీ చూస్తే రూపకల్పన అర్థమవుతుంది. పటిక నీరు బట్ట మీద సరిగా కనిపించదు కాబట్టి ఎక్కడ ఆపాలో చెప్పే నల్ల గీత ముందే ఉండాలి. రంగు గంగాళంలో ఒక్కసారిగా పడుతుంది కాబట్టి నీడల మెరుగులకు పెద్దగా తావుండదు. చదునైన రంగు ముక్కలు, వాటి మధ్య బలమైన అంచులు మిగులుతాయి. లోతు లేని లోటును అమరిక తీరుస్తుంది. నడుమ పెద్ద దేవతామూర్తి, చుట్టూ వరుసలుగా చిన్న గడుల్లో కథ, గడి కింద తెలుగు అక్షరాలు. పరిమాణమే ప్రాధాన్యాన్ని చెబుతుంది. రంగులు నాలుగైదే కనుక అవి పాత్రలను గుర్తుపట్టే సంకేతాలయ్యాయి: రాముడు నీలం, ఆంజనేయుడు ఆకుపచ్చ, స్త్రీలు పసుపు. ఎరుపు తర్వాత పసుపు, ఆపై నీలిమందు నీలం వేస్తారు. పసుపు మీద నీలం పడితేనే ఆకుపచ్చ.

మచిలీపట్నం, పెడన వైపు ఇదే రసాయన శాస్త్రం చెక్క అచ్చులతో నడుస్తుంది. అక్కడ పునరావృతం, అచ్చుల అతుకు కనబడనివ్వని లయ ముఖ్యం. కథ కన్నా పూలు, తీగలు ఎక్కువ.

ఈ కళకు నీరే ప్రాణం, నీరే ఇబ్బంది. అదనపు పటిక పారే నీటిలో కొట్టుకుపోవాలి. నిలవ నీటిలో అయితే అది పక్కకు పాకి ఎరుపును గీత దాటిస్తుంది. నీటిలో ఇనుము ఉంటే ఎరుపు మసకబారుతుంది. శ్రీకాళహస్తి పక్కనే ఉన్న స్వర్ణముఖి ఏడాది పొడవునా పారే నది కాదు. ఇంకో చిక్కు కసిమిలోనే ఉంది. బొమ్మకు ఆధారమైన నల్ల గీతలోని ఇనుము, ఆమ్లాలు దశాబ్దాల మీద సెల్యులోజును బలహీనపరుస్తాయి. పాత బట్టల్లో తరచుగా మొదట చిరిగేది నలుపు ఉన్న చోటే. మ్యూజియంలలో ఇలాంటి బట్టలను తక్కువ వెలుతురులో, తేమ పెరగకుండా ఉంచడానికి ఇదీ ఒక కారణం.

తరగతిలో దీన్ని చిన్నగా చేసి చూడవచ్చు. తుప్పు మేకులను సీసాలో వెనిగర్ పోసి వారం ఉంచాలి. వాయువు వెలువడుతుంది కాబట్టి మూత బిగించకూడదు. పాత తెల్లని నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరనివ్వాలి. ఒక పుల్లతో మేకుల నీటి గీత, మరో పుల్లతో పటిక నీటి గీత, ఒకచోట రెండూ కలిసేలా గీయాలి. మర్నాడు పారే నీటిలో కడిగి, ఉపాధ్యాయుల సమక్షంలో మంజిష్ఠ పొడి కలిపిన నీళ్లలో స్టీలు గిన్నెలో సన్నని మంట మీద ఉంచాలి. ఇనుప గిన్నె వాడితే ప్రయోగం చెడుతుంది. గుడ్డను తీసి ఉతికాక మూడు చోట్లా ఏ రంగులు వచ్చాయో రాసుకుని, ఒక సగాన్ని నెల రోజులు ఎండలో, మరో సగాన్ని పుస్తకంలో ఉంచి పోల్చాలి.