సైకిలు ప్రయాణం – పది సెకన్ల ఓర్పు

మదీనా కూడలి నుండి నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్ వైపు ఉదయం వేళ సైకిలుపై వెళ్ళే విద్యార్థికి వెనుక నుండి ఎడతెగని హారను మోత వినిపిస్తుంది. ఆ మోతకు బెదిరి రోడ్డు అంచుకు ఒదిగిపోవడమే క్షేమమని మనలో పలువురి భావన. ఇది ఎంతవరకు సమంజసమో లెక్కవేసి విచారిద్దాం.

గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు సెకనుకు 5 మీటర్లు సాగుతుంది. 36 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 10 మీటర్లు సాగుతుంది. 100 మీటర్ల మేర కారు సైకిలు వెనుకనే నడిస్తే 10 సెకన్లకు బదులు 20 సెకన్లు పడుతుంది. అనగా నష్టం 10 సెకన్లు మాత్రమే. తరచు ముందున్న ఎర్రదీపం వద్ద ఇద్దరూ మళ్ళీ కలుసుకుంటారు.

ఇక అంచున పొంచి ఉన్నవి గుంతలు, ఇసుక, ఆగి ఉన్న కార్ల తలుపులు. వాటిని తప్పించుకొనుటకు హఠాత్తుగా కుడికి మళ్ళితే ప్రాణాపాయం. వేగం రెట్టింపైన వాహనపు గతిజశక్తి నాలుగింతలవుతుందని భౌతికశాస్త్రం చెబుతున్నది.

కనుక అంచుకు సుమారు మీటరు ఎడంగా, సూటిగా సాగాలి. మళ్ళేముందు వెనుకకు చూచి చేయి చాపాలి. చోటు దొరకగానే వెనుకవారికి దారి ఇవ్వాలి. దూషణకు ప్రతిదూషణ కూడదు. ప్రమాదకరంగా వాహనం నడపడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను శిక్షార్హం చేసింది.

ఉర్దూలో ‘సబ్ర్’, తెలుగులో ‘ఓర్పు’ – ఈ గుణం సైకిలు తొక్కేవానికంటె స్టీరింగు పట్టినవానికే ఎక్కువ అవసరం. రేపు మనలో పలువురం మోటారు నడుపుతాం. ఆనాడు మన ముందు పుస్తకాల సంచితో ఒక విద్యార్థి సైకిలుపై పోతుంటే, ఆ పది సెకన్లు ఆగుదుము గాక!