దేహమందలి కుడియెడమల భేదము

అద్దము ముందు నిలిచి చూచుకొన్నప్పుడు మన రెండు కన్నులు, రెండు చెవులు, రెండు చేతులు, నడుమ నొక గీత గీచి యిరుప్రక్కలకు సమముగా పంచినట్లు కనబడును. దీనినే సౌష్ఠవ మందురు. చర్మము క్రింద నీ సమత్వ మెంతవరకు కలదని మేము తరగతిలో నడిగినచో, "గుండె యెడమప్రక్క నున్నది గదా" యని బాలురు వెంటనే బదులు చెప్పుదురు. ఆ బదులు మంచిదే. కాని యంతటితో నాగరాదు.

గుండె నిజమునకు ఱొమ్ము నడుమనే యుండి, అందు సుమారు మూడింట రెండువంతులు ఎడమకు ఒరిగియుండును. ఎడమ ఊపిరితిత్తికి రెండు తమ్మెలు, కుడిదానికి మూడు. కాలేయము కుడిప్రక్కను, జఠరమును ప్లీహమును ఎడమప్రక్కను గలవు. గుండెలోని రెండు క్రిందిగదులును సమానములు కావు. కుడిగది చేరువనున్న ఊపిరితిత్తులకు మాత్రమే రక్తమును పంపును. ఎడమగది తలనుండి కాలివ్రేళ్లవరకు పంపవలెను. అందుచే దాని గోడ సుమారు మూడురెట్లు మందము. ఇచ్చట అసమానత లోపము కాదు, పనికి తగిన బలము.

ఈ జ్ఞానము తల్లిదండ్రులకును అవసరమే. కుడి శ్వాసనాళశాఖ ఎడమదానికంటె వెడల్పై, నిలువుగా దిగును. కావున చింతగింజయో వేరుసెనగపప్పో గాలిగొట్టములో పడినచో తరచుగా కుడివైపునకే పోవును. ఉక్కిరిబిక్కిరియైన బిడ్డకు పిమ్మట దగ్గు విడువకున్నచో, జలుబని యూరకుండక వైద్యునికి జరిగినది చెప్పవలెను.

సుమారు పదివేలమందిలో నొకరికి లోపలి యవయవములన్నియు ప్రతిబింబమువలె తారుమారై యుండును. వీరిలో పెక్కుమంది యారోగ్యముగానే జీవింతురు. అయితే ఉండుకము వాచినపుడు నొప్పి వీరికి ఎడమప్రక్క రావచ్చును. సంగతి నెఱుగని వైద్యుడు వేఱొక వ్యాధి యని భ్రమపడవచ్చును.

1933లో స్విట్జర్లాండులోని వైద్యుడు కార్టగెనర్ ఒక వింతను వివరించెను. అవయవములు తారుమారైన కొందఱిలో విడువని దగ్గును, ముక్కుప్రక్క కుహరముల వాపును గూడ కలవు. గుండె యుండు స్థానమునకును దగ్గునకును సంబంధమేమి? 1976లో స్వీడను శాస్త్రజ్ఞుడు అఫ్జీలియస్ ఈ ముడి విప్పెను. కణములపై నుండు అతిసూక్ష్మ రోమములైన శైలికలు వారిలో సరిగా కదలవు. ఊపిరిగొట్టములలోని శ్లేష్మమును పైకి నెట్టునవి యివియే. 1998లో జపాను శాస్త్రజ్ఞులు, చిట్టెలుక పిండములో ఇట్టి శైలికలే గిరగిర తిరిగి ద్రవమును ఎడమవైపునకు ప్రవహింపజేయునని చూపిరి. ఆ ప్రవాహమే పిండమునకు కుడియెడమలను తెలుపును. శైలికలు కదలనిచో ఆ గుర్తు ఉండదు. గుండె యెటు తిరుగునన్నది బొమ్మాబొరుసు వేసినట్లగును. అందుచే నట్టి రోగులలో సుమారు సగముమందికి అవయవములు తారుమారై యుండును.

చేతివాటము సంగతి వేఱు. నూటికి సుమారు పదిమంది ఎడమచేతివాటము వారు; ఇది రోగము కాదు. అయినను మేము ఒకప్పుడు అట్టి బాలుని చేతిపై బెత్తముతో కొట్టి, కలమును కుడిచేతికి మార్చితిమి. అతడు కుడిచేత వ్రాయుట నేర్చెను గాని, ఆ యేడంతయు మాతో మాటలాడుటకే జంకెను. భేదమును దోషముగా నెంచితిమి, తప్పు మాదే.

అట్లని ప్రతి భేదమును ఉపేక్షింపరాదు. నిన్నటివరకు సమముగా నుండిన ముఖము హఠాత్తుగా నొకప్రక్కకు జారినను, ఒక చేయి పైకి లేవకున్నను, మాట తడబడినను, అది పక్షవాతము కావచ్చును. క్షణమైనను జాగుచేయక రోగిని ఆసుపత్రికి గొనిపోవలెను.

కావున విద్యార్థులారా, అసమానత కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు: ఇది పనికొఱకు ఏర్పడినదా? హానిలేని వైవిధ్యమా? లేక వ్యాధి పంపిన వార్తయా? ఈ మూటిని వేఱుపఱచి తెలిసికొనుటయే వైద్యమునకు మొదటి మెట్టు. తోడి బాలుని యెడల మన నడవడికిని అదియే మొదటి మెట్టు.